గట్టు మీది మొక్క ముందే పూస్తోంది.. మన సజ్జ కూడా మారుతుందా?

సందేహం: ఏటా సజ్జ వేస్తాను. వానలు ముందే వెనక్కి తగ్గుతుండటంతో గింజ పాలుపోసుకునే వేళకు పైరు బెట్టకు గురవుతోంది. గట్ల మీద వాటంతట అవే మొలిచే అడవి మొక్కలు మాత్రం ఇదివరకటి కన్నా ముందే పూసి, గింజ రాల్చేస్తున్నాయి. మారుతున్న వాతావరణానికి తగ్గట్టు ఇవి నిజంగానే మారిపోతున్నాయా? ముందుగా పండిన కంకుల నుంచే విత్తనం కట్టుకుంటూ పోతే నా సజ్జకూ ఆ గుణం వస్తుందా?
– ఒక రైతు

సలహా: మీరు చూసిన దానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఎండ ముదిరిన ఏడు చాలా మొక్కలు తొందరపడి పూస్తాయి. మరుసటి ఏడు చల్లగా ఉంటే మళ్లీ పాత సమయానికే పూస్తాయి. ఇది జన్యువుల్లో మార్పు కాదు. రెండో కారణం లోతైనది. ఏ మొక్కా తన బతుకులో అవసరాన్ని బట్టి తన జన్యువులను మార్చుకోలేదు. కానీ అడవి మొక్కల గుంపులో పుట్టుకతోనే తొందరగా పూసేవి, ఆలస్యంగా పూసేవి కలిసి ఉంటాయి. బెట్ట వచ్చిన ఏడు ఆలస్యపువి గింజ కట్టకముందే ఎండిపోతాయి. నేలలో పడేది తొందరగా పూసిన వాటి విత్తనమే. ఇలా వరసగా కొన్నేళ్లు జరిగితే గుంపు స్వభావమే మారిపోతుంది.

ఈ రెండింటినీ విడదీసి చూడాలంటే పాత విత్తనం, కొత్త విత్తనం పక్కపక్కన వేయాలి. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో అడవి ఆవ మొక్కల మీద ఇదే చేశారు. కొన్నేళ్ల బెట్టకు ముందు, 1997లో సేకరించిన విత్తనాన్ని, బెట్ట తర్వాత 2004లో సేకరించిన దాన్ని ఒకే చోట, ఒకే రకం నీటి వసతితో పెంచారు. బెట్టను దాటి వచ్చిన మొక్కల సంతానం ఒక గుంపులో 1.9 రోజులు, ఇంకో గుంపులో 8.6 రోజులు ముందుగా పూసింది. రెంటినీ సంకరం చేస్తే పుట్టిన మొక్కలు ఆ రెంటికీ నడిమి సమయంలో పూశాయి. అంటే ఆ గుణం వారసత్వంగా దిగుతోందన్నమాట. ఇజ్రాయెల్‌లో 1980లో, మళ్లీ 2008లో సేకరించిన అడవి గోధుమ, అడవి బార్లీ విత్తనాలను పోల్చినప్పుడు కూడా 28 ఏళ్లలో పూత సగటున గోధుమలో 8.5 రోజులు, బార్లీలో దాదాపు 11 రోజులు ముందుకు జరిగినట్టు తేలింది.

మీ పంటకు నేరుగా సంబంధించిన ఫలితం ఆఫ్రికాలోని నైజర్ దేశం నుంచి వచ్చింది. అక్కడి రైతులు సొంతంగా కట్టుకునే సజ్జ విత్తనాన్ని 1976లో, 2003లో ఊళ్ల నుంచి సేకరించి కలిపి వేసి చూశారు. 2003 నాటి సజ్జ కాలపరిమితి తగ్గింది. పూత సమయంతో ముడిపడిన ఒక జన్యువులో తొందరగా పూయించే రూపం ఆ కాలంలో ఎక్కువైంది. కాబట్టి మీ ఆలోచన సరైనదే. అయితే ఆ సజ్జలోనే మొక్క ఎత్తు, కంకి సైజు కూడా తగ్గాయని మరచిపోవద్దు. తొందరగా పూసే మొక్కకు ఆకు పెంచుకునే వ్యవధి తక్కువ. వాన బాగా కురిసిన ఏడు అది దిగుబడిలో వెనకబడుతుంది. కాలిఫోర్నియా అడవి ఆవలో ఇంకో సంగతి బయటపడింది. బెట్టకు తట్టుకునేలా మారిన మొక్కలు ఆల్టర్నేరియా అనే శిలీంధ్రపు తెగులుకు మునుపటి కన్నా ఎక్కువగా లొంగిపోయాయి. ఒక గుణాన్నే పట్టుకుని ఎంపిక చేస్తే ఇలాంటి నష్టం కనిపించకుండా వెంట వస్తుంది.

అందుకే చేలో అన్నిటికన్నా ముందు వచ్చిన నాలుగైదు కంకులు తెంపి విత్తనానికి ఉంచకండి. సజ్జ కంకిని దగ్గరగా చూడండి. ముందు పుప్పొడిని అందుకునే తెల్లటి సన్నని కీలాగ్రాలు బయటికొస్తాయి, పుప్పొడి తిత్తులు రెండు మూడు రోజుల తర్వాత గానీ రావు. అంటే గింజకు తండ్రి ఎక్కువగా వేరే మొక్కే. మీరు తల్లిని ఎంచుకున్నా సగం గుణం గాలిలో వచ్చిన పుప్పొడిదే కాబట్టి మార్పు నెమ్మదిగా వస్తుంది. పైగా చేను మొత్తం ఇంకా పూయనప్పుడు వచ్చిన కంకికి పుప్పొడి చాలదు. ఆ సమయంలో ముసురు పడితే పరాగం అందని కీలాగ్రాల గుండా తేనెబంక తెగులు దూరుతుంది.

చేను నడిమి భాగాన్ని చిన్న చిన్న మడులుగా అనుకోండి. గట్టు వారలు వదిలేయండి. ప్రతి మడిలోనూ తొందరగా పండినవాటిలో కంకి నిండుగా ఉండి, తెగులు లేని మొక్కలను కోతకు ముందే గుర్తు పెట్టుకోండి. నేల సారం ఎక్కువున్న చోటి మొక్కలే అన్నీ ఎంపికైపోకుండా ఈ మడుల పద్ధతి కాపాడుతుంది. మొత్తం మీద 200–300 కంకులైనా ఉండాలి. అన్నిటి గింజ సమానంగా కలపండి. ఈ ఏటి విత్తనం కొంత బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో, సంవత్సరం రాసి చల్లని చోట దాచండి. నాలుగేళ్ల తర్వాత కొత్త విత్తనంతో పాటు రెండేసి సాళ్లు పక్కపక్కన వేయండి. దాచిన గింజ నీరసంగా మొలిస్తే ఆ పోలిక నమ్మొద్దు. రెంటినీ విడివిడిగా ఒకసారి పండించి, ఆ కొత్త గింజలతో మళ్లీ పోల్చండి.

అడవి మొక్కలన్నీ ఇలా తట్టుకుంటాయనీ అనుకోవద్దు. పొలాల మధ్య చిన్న తునకలా మిగిలిన గుంపులో ఏరుకోవడానికి తగినంత వైవిధ్యం ఉండదు. చెట్లకు ఒక తరం గడవడానికే ఏళ్లు పడుతుంది. గట్లన్నిటి మీదా కలుపు మందు కొట్టే అలవాటుంటే కొంత భాగమైనా వదిలేయమని నా మనవి. పంటల దూరపు చుట్టాలు మిగిలేది అలాంటి చోట్లే. చేను లోపలి కలుపును మాత్రం గింజ పట్టకముందే తీసేయండి. ఏటా అదే మందు వాడితే దాన్ని తట్టుకునే కలుపు కూడా సరిగ్గా ఇదే పద్ధతిలో పుట్టుకొస్తుంది.

మీరు వేసేది హైబ్రిడ్ సజ్జ అయితే పై ఎంపిక పనికిరాదు. దాని గింజ మళ్లీ వేస్తే మొక్కలు ఒక తీరున రావు, దిగుబడి పడిపోతుంది. ముందు సంకరం కాని రకమో, నాటు సజ్జో సంపాదించి, చేలో ఒక పక్కన మొదలుపెట్టండి. అది మీ హైబ్రిడ్‌తో ఒకేసారి పూతకు రాకుండా విత్తే తేదీల్లో ఎడం పాటించండి.