టెక్ సందేహాలు: ఇంటి పర్మిషన్ కాగితం నుంచి పని దొరకబట్టుడు ఎట్ల?

ఈ వారం వచ్చిన మెసేజ్‌లలో సగం ఒకే విషయం మీద ఉన్నయి, అందుకే మిగతా ఫోన్ రిపేర్ ప్రశ్నలు పక్కకు పెట్టి వీటికే జవాబు రాస్తున్న.

హసన్‌పర్తి నుంచి ఒక ఎలక్ట్రీషన్ తమ్ముడు: అన్నా, యూట్యూబ్‌లో అమెరికా ఆయన వీడియో ఒకటి చూసిన. ఆ వారం సిటీ ఇచ్చిన ఇంటి పర్మిషన్ల లిస్ట్ మొత్తం వెబ్‌సైట్ నుంచి ఎక్సెల్‌లో దించుకుని, దాంట్లకెల్లి పనులు పట్టుకుంటున్నడు. మన దగ్గర అట్ల కుదురుతదా? నేనైతే ఎవరన్న ఫోన్ చేస్తరేమో అని చూసుకుంట కూసునుడే అయితుంది.

కుదురుతది తమ్మీ, కాని వాళ్లకున్నంత సులువుగ కాదు. చికాగో సిటీని చూడు, 2006 నుంచి ఇచ్చిన పర్మిట్లన్నీ ఓపెన్ డేటా పోర్టల్‌లో పెట్టింది, ఏ రోజు ఇచ్చిన్రు, ఏ అడ్రస్, ఏం పని, అంచనా ఖర్చు ఎంత, అన్నీ ఎవరన్న దించుకోవచ్చు. మన తెలంగాణలో 2020 చట్టంతో టీఎస్ బీపాస్ వచ్చింది, ఇప్పుడు దాని జాగల బిల్డ్‌నౌ వచ్చింది. ఇవి పర్మిషన్ ఇచ్చుడు కోసం కట్టిన సిస్టమ్‌లు, పని వెతుక్కునేటోళ్ల కోసం కట్టినవి కావు. అందుకని ఒక్క బటన్ నొక్కితే వరంగల్ లిస్ట్ అంతా చేతికొస్తదని ప్లాన్ చేసుకోకు. ముక్కలు ముక్కలుగ దొరుకుతది, ఆ ముక్కలు కలుపుకునుడే మన పని.

ముందుగాల పర్మిషన్ ఎట్ల వస్తదో తెల్సుకో, ఎందుకంటే నీ టైమింగ్ అంతా దాని మీదనే ఉంటది. 75 గజాల లోపు జాగల గ్రౌండ్ ప్లస్ వన్ వరకు కట్టుకుంటే పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే సరిపోతది. 75 గజాలు దాటి 600 గజాల లోపు, ఎత్తు 10 మీటర్ల లోపు ఉంటే సెల్ఫ్ సర్టిఫికేషన్, అంటే ఓనర్ మాట మీద అప్పటికప్పుడే పర్మిషన్. దానికి మించితే సింగిల్ విండో, 21 రోజుల గడువు. గోపాల్‌పూర్, భీమారం, మడికొండ దిక్కు లేస్తున్న ఇండ్లల్లో ఎక్కువ శాతం ఈ రెండో రకమే ఉంటయి, పొద్దున అప్లై చేసినాయన రేపటికి ముగ్గు పోసుకోవచ్చు. నువ్వు నెలకోసారి లిస్ట్ చూస్తా అంటే అప్పటికే పిల్లర్లు లేస్తయి.

ఇగ అసలు సంగతి. పర్మిషన్ ఇచ్చిన ప్లాన్ కాపీ సైట్ దగ్గర అందరికీ కనపడేటట్టు పెట్టాలని రూల్ ఉంది. చాలామంది పెడతరు కూడ. పోయిన నెల మా బావమరిది (ఆయనది కూడ కరెంట్ పనే) స్కూటీ మీద నన్ను ఎక్కించుకుని భీమారం రోడ్డు దిక్కు తీస్కపోయిండు. ఒక సైట్ ముందట వెదురు బొంగుకు ఫ్లెక్సీ బోర్డు కట్టి ఉంది, వానకు కింది సగం వెలిసిపోయింది, పైన మాత్రం ప్లాట్ విస్తీర్ణం, గ్రౌండ్ ప్లస్ టూ, పర్మిషన్ నంబర్, తేదీ, ప్లాన్ గీసిన ఇంజినీర్ పేరు మంచిగ కనపడుతున్నయి. గూగుల్ లెన్స్‌తో ఫోటో తీసి టెక్స్ట్ కాపీ కొడితే రెండు నిమిషాల్లో ఫోన్‌లకొచ్చింది. ఎగిరి గంతేసినంత సంతోషపడ్డడు ఆయన. పైకెక్కి చూస్తే సెంట్రింగ్ చెక్కల మీద ఇనుము కట్టి ఉంది, ఇనుము సందుల పసుపు పచ్చ పైపులు, ఫ్యాన్ డబ్బాలు గుడ్డపీలికలు కుక్కి సిద్ధంగ ఉన్నయి. మేస్త్రి అన్న మాట, "నిన్ననే వచ్చిపోయిన్రు అన్నా, రేపు స్లాబ్." ఒక్క రోజు! ఒక్క రోజు ముందు పోతే మాట్లాడుకునేటోడు, ఒక వారం ముందు పోతే పనే ఆయనది. దిగొచ్చేటప్పుడు ఆయన మొకం చూసి నాకు పాణం ఉసూరుమన్నది, అందుకే ఇంత వివరంగ రాస్తున్న.

మీ పనికి తలుపు ఎప్పుడు తెరుచుకుంటదో మీకు తెల్సు, నాకంటే బాగ తెల్సు. ఎలక్ట్రీషన్‌కి స్లాబ్ ముందే, ఇనుము కట్టుడు నడుస్తుండంగనే, అది దాటిందా స్లాబ్ పైపింగ్ చేసినాయనే గోడల పైపులు, వైరింగ్ కూడ చేస్తడు, ఓనర్ మనిషిని మార్చడు. కిటికీలోళ్లు గోడ లింటల్ దాకా లేచినంక పోతే సరిపోతది, టైల్స్‌కి ప్లాస్టరింగ్ నడిచేటప్పుడు, పెయింటర్లకి ఇంకా నెలలు ఉంటయి. అంటే అదే పర్మిషన్ తేదీ చూసి ఒక్కొక్కళ్లు ఒక్కో తేదీన గేటు తట్టాలె. ఇది పట్టుకోకుండ లిస్ట్ ఎంత పెద్దగున్నా లాభం లేదు.

అందుకు గూగుల్ షీట్స్‌లో ఒక చిన్న పట్టిక పెట్టుకో. చూసిన తేదీ, ఏరియా, అంతస్తులు, ఇంజినీర్ పేరు, ఇప్పుడు ఏ స్టేజ్‌ల ఉంది, మళ్ల ఎప్పుడు పోవాలె, ఇంతే. మళ్ల పోవాల్సిన తేదీ చేత్తో రాయకు, చూసిన తేదీ గడికి ఎన్ని రోజులు కావాలో అన్ని కలుపు, షీట్స్ తేదీలని లోపల నంబర్లుగనే దాచుకుంటది కాబట్టి =A2+10 అని కొడితే (A2 అంటే చూసిన తేదీ ఉన్న గడి) పది రోజుల తర్వాతి తేదీ అదే వస్తది. పిల్లర్ల స్టేజ్‌ల చూస్తే 5 కలుపు, పునాదిల చూస్తే 15 కలుపు, నీ అనుభవం కొద్దీ మార్చుకో. తర్వాత ఆ కాలమ్ అంతా సెలెక్ట్ చేసి ఫార్మాట్ మెనూలో కండిషనల్ ఫార్మాటింగ్‌కి పోయి "డేట్ ఈజ్ బిఫోర్" పెట్టి "టుమారో" ఎంచుకుంటే ఇయ్యాల పోవాల్సినవి, దాటిపోయినవి రంగు పడతయి. పొద్దున చాయ్ తాక్కుంట ఒకసారి చూసుకుంటే సరిపోతది. ఈ మెనూలు కంప్యూటర్‌ల సులువు, ఒక్కసారి నెట్ సెంటర్‌ల పెట్టుకుంటే తర్వాత ఫోన్‌ల కూడ అట్లనే కనపడతది.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, ముందే ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి పోయి లొకేల్ (ఏ దేశం పద్ధతిల తేదీ రాస్తవో చెప్పేది) ఇండియా అని పెట్టాలె. అది అమెరికాల ఉంటే 05/06 అని కొడితే జూన్ 5 కాకుండ మే 6 అనుకుంటది, 25/06 కొడితేనేమో తేదీ అనే గుర్తుపట్టది, ఉత్త అక్షరాలుగ తీసుకుని గడిల ఎడమ దిక్కు కూసుంటది. తేదీ కుడి దిక్కుకి జరిగి ఉంటే సరిగ్గ తీసుకున్నట్టు.

ఇంకోటి, ఇంజినీర్ పేరు కాలమ్ ఎందుకు పెట్టమన్ననో రెండు నెలలకు నీకే తెలుస్తది. ముప్పై సైట్లు రాసినంక ఆ కాలమ్ సార్ట్ చేయి, నీ ఏరియాల నాలుగైదు పేర్లే మళ్ల మళ్ల వస్తయి. ముప్పై మంది ఓనర్ల చుట్టూ తిరిగే బదులు ఆ నలుగురి ఆఫీసులకు పోయి, నువ్వు చేసిన డీబీ బాక్సుల (ఇంటి కరెంట్ అంతా పంచే డబ్బాల) ఫోటోలు చూపించి మర్యాదగ మాట్లాడి రా. ఓనర్ "మంచి కరెంటాయన ఉన్నడా సార్" అని ముందు అడిగేది వాళ్లనే.

75 గజాల లోపు ఇండ్లకి ఈ కాగితాలు పెద్దగ పనికిరావు, కరీమాబాద్, శంభునిపేట లాంటి పాత బస్తీలల్ల అవే ఎక్కువ. వాటికి అడ్డా మీది సెంట్రింగోళ్లు, సిమెంట్ షాపాయన, వీళ్ల మాటే రికార్డు.

హన్మకొండ నుంచి ఒక పెయింటింగ్ కాంట్రాక్టర్: సార్, మేము పన్నెండు మందిమి ఉన్నం, చిన్న ఇండ్లు కాదు అపార్ట్‌మెంట్లు కావాలె. ఎక్కడ చూడాలె?

మీకైతే రెరా (బిల్డర్లు అమ్మే ప్రాజెక్ట్‌లని రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్ బంగారం లాంటిది. 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన జాగ గాని, 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్ట్ గాని అమ్మాలంటే ముందు రెరాల రిజిస్టర్ చేయాలె, ఆ వివరాలు ఎవరన్న చూడొచ్చు. తెలంగాణ రెరా సైట్‌లో ప్రాజెక్ట్ సెర్చ్‌కి పోయి జిల్లా హన్మకొండ, వరంగల్ రెండూ విడివిడిగ వెతకండి, 2021లో జిల్లాల పేర్లు మారినయి కాబట్టి పాత ప్రాజెక్ట్‌లు వరంగల్ అర్బన్, రూరల్ పేర్ల మీద కూడ ఉండొచ్చు. ప్రతి ప్రాజెక్ట్‌కి పూర్తి చేయాల్సిన గడువు తేదీ ఉంటది, మీరు చూడాల్సింది అదే. గడువు ఇంకా ఎనిమిది పది నెలలు ఉన్నవి ఏరుకుని, మూడు నెలలకోసారి బిల్డర్ పెట్టే ప్రోగ్రెస్ చూసి, గోడలు ప్లాస్టరింగ్ దాకా వచ్చినయా లేదా తేల్చుకుని అప్పుడు పోండి. మరీ ముందు పోతే కార్డు తీసుకుని టేబుల్ సొరుగుల వేస్తరు.

మీకు టైమ్ ఉంది కాబట్టి సమాచార హక్కు కూడ వాడుకోండి. 2005 చట్టం సెక్షన్ 4లో, ప్రభుత్వ సంస్థ ఎవరెవరికి పర్మిట్లు ఇచ్చిందో ఆ వివరాలు ఎవరూ అడగకముందే బయట పెట్టాలని రాసి ఉంది. మున్సిపల్ కార్పొరేషన్ సమాచార అధికారికి పది రూపాయల ఫీజుతో, ఫలానా వార్డులల్ల గత మూడు నెలల్లో ఇచ్చిన పర్మిషన్ల తేదీ, లొకేషన్, అంతస్తుల లిస్ట్ కావాలని రాయండి. ఫోన్ నంబర్లు అడగొద్దు, అడిగితే ఆ సాకుతో మొత్తానికే ఆపేస్తరు. జవాబుకి 30 రోజుల గడువు, అందుకే పై తమ్మునికి ఈ దారి చెప్పలే.

పరకాల నుంచి: వాట్సాప్‌ల ఒకాయన "వరంగల్ జిల్లా కొత్త ఇండ్ల ఓనర్ల డేటా, నంబర్లతో సహా, 4,000 రూపాయలు" అంటున్నడు. శాంపిల్ కోసం ఒక యాప్ ఫైల్ కూడ పంపిండు. కొనుడు మంచిదేనా?

కొనకండి, ఆ ఫైల్ తెరవకండి. ప్లే స్టోర్‌ల లేని ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేస్తే అది మీ ఎస్సెమ్మెస్‌లు, ఓటీపీలు చదివే మోసం యాప్ అయ్యే అవకాశమే ఎక్కువ. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే నెట్ ఆఫ్ చేసి తీసేయండి, బ్యాంకుకి చెప్పండి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండ 1930కి ఫోన్ చేయండి.

యాప్ సంగతి వదిలేసినా ఆ లిస్ట్ పట్టుకుని రోజుకి వంద మందికి మీ సొంత నంబర్ నుంచి చేసుడు తప్పే. ట్రాయ్ (ఫోన్ కంపెనీలకు రూల్స్ పెట్టే సంస్థ) 2018 రూల్స్ ప్రకారం రిజిస్టర్ కాకుండ మార్కెటింగ్ కాల్స్ చేస్తే, ఆ ఫోన్ ఎత్తినోళ్లు 1909కి కంప్లైంట్ ఇస్తే మీ కనెక్షనే కట్ కావచ్చు. పదేండ్లుగ అందరి దగ్గర ఉన్న నంబర్ పోతే మీ వ్యాపారం ఏం గావాలె? ఇల్లు కట్టేటాయన దినమంతా దుమ్ముల, అప్పుల లెక్కల నడుమ ఉంటడు, ఎవరో తెల్వని మనిషి ఆయన పేరు, ప్లాట్ నంబర్ చదివి వినిపిస్తే భయపడతడు. సైట్ కాడికి పోయి నిలబడి మాట్లాడితే అదే మనిషి చాయ్ పోస్తడు.

జనగామ దగ్గరి ఊరి నుంచి ఒక మేస్త్రి: ఊర్లల్ల ఈ సైట్లేవీ పనిచేయవు కదా?

ఊర్లల్ల పంచాయతీ కార్యదర్శే మీ వెబ్‌సైట్ అన్నా. ఇందిరమ్మ ఇండ్లు ఎవరెవరికి మంజూరైనయో లిస్ట్ ఆయన దగ్గర ఉంటది. 5 లక్షల సాయం నాలుగు దఫాలుగ, స్టేజ్ ఫోటోలు యాప్‌ల ఎక్కించినంకనే వస్తది కాబట్టి, డబ్బులు ఎప్పుడు పడతయో ఇంటాయనకి ఎంత ముఖ్యమో మీకు అంతే ముఖ్యం. కూలి మాట్లాడుకునేటప్పుడే ఏ స్టేజ్‌కి ఎంత అని ఆ దఫాలకు కలిపి మాట్లాడుకోండి, ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

కాజీపేట నుంచి: సైట్ ఫోటోలు మా తమ్ముడు వాట్సాప్‌ల పంపుతడు, కాని ఏ సైట్‌దో తర్వాత తెలుస్తలేదు. లొకేషన్ ఎట్ల తెలుస్తది?

ముందు ఆయన కెమెరా సెట్టింగ్స్‌ల లొకేషన్ ట్యాగ్ ఆన్ చేయమనండి. కాని మామూలుగ ఫోటో పంపితే వాట్సాప్ ఆ లొకేషన్ తీసేస్తది, అందుకే అటాచ్‌ల డాక్యుమెంట్ అని ఎంచుకుని ఫోటో పంపమనండి, అప్పుడు ఫైల్ ఉన్నదున్నట్టు వస్తది. సైట్లు ఎక్కువైతే షీట్‌ని గూగుల్ మై మ్యాప్స్‌లకు ఎక్కించొచ్చు, ఒక్క లేయర్‌ల 2,000 వరుసల దాకా తీసుకుంటది. సర్వే నంబర్ కొడితే మాత్రం గూగుల్‌కి తెల్వదు, సైట్ ముందట నిలబడి మ్యాప్ మీద వేలు గట్టిగ అదిమి పిన్ వేసి, కింద కనపడే రెండు పొడుగు నంబర్లని కాపీ చేసి షీట్‌ల పెట్టుకోమనండి.