ఇంటి నంబరు లేని పల్లెకు చరిత్ర ఎలా రాస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం ఐర్లండ్‌లోని గాల్వే కౌంటీ పల్లెప్రాంతంలో ఉంటోంది. వారి చిరునామాలో వీధి లేదు, ఇంటి నంబరు లేదు; టౌన్‌ల్యాండ్ పేరొక్కటే ఉంది. పెరటి వైపు కప్పు లేని రాతిగోడలు కనిపిస్తాయట. అక్కడ ఎవరెవరు కాపురమున్నారో పొరుగువారు నూటయాభై ఏళ్ల వెనకటి పేర్లతో సహా చెబుతున్నారట. ఇదెలా సాధ్యం? పలమనేరు దగ్గరి మా పల్లెకు అలాంటి చరిత్ర రాయగలమా?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, చిత్తూరు

జవాబు: ఐర్లండ్‌లో భూమికి ఉన్న అతి చిన్న అధికారిక విభాగమే టౌన్‌ల్యాండ్. మన రెవెన్యూ గ్రామానికి ఉన్నట్లే దానికీ హద్దులుంటాయి గాని, లోపల ఊరంటూ ఉండాలన్న నియమం లేదు. ఐర్లండ్ ద్వీపమంతటా ఇవి అరవై వేలకు పైగా ఉన్నాయి. 2015లో ప్రతి చిరునామాకూ ఎయిర్‌కోడ్ (ఒక్కో చిరునామాకు విడిగా ఉండే పిన్‌కోడ్ లాంటిది) ఇచ్చేదాకా పక్కపక్క ఇళ్లకు ఒకే చిరునామా ఉండటం అక్కడ మామూలే.

పొరుగువారు చెప్పేదానికి పాత కాగితాల ఆధారం ఉంటుంది. 1847–1864 మధ్య పన్ను నిర్ణయం కోసం రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో జరిగిన మదింపులో ప్రతి టౌన్‌ల్యాండ్‌లోనూ భూమి ఎవరి అనుభవంలో ఉంది, వారికి దాన్ని ఎవరిచ్చారు, విస్తీర్ణమెంత, ఇంటి విలువెంత అన్నవి పటంలోని సంఖ్యలతో జతచేసి నమోదు చేశారు. ఇంటిపెద్ద పేరే తప్ప భార్యాపిల్లల ఊసు అందులో లేదు. అయితే తరువాతి సవరణ పుస్తకాల్లో పాత పేరు కొట్టివేసి రంగు సిరాతో కొత్త పేరు రాసేవారు కనుక, భూమి ఎప్పుడు చేతులు మారిందో, ఇల్లు ఎప్పుడు కూలిందో వాటిని బట్టి పట్టుకోవచ్చు.

జనాభా లెక్కల కథ విషాదకరం. బంగాళాదుంప తెగులుతో 1845లో మొదలైన మహాక్షామం వల్ల 1841లో 81 లక్షలు దాటిన జనాభా 1851 నాటికి 66 లక్షల లోపుకు పడిపోయింది. 1821 నుంచి 1851 వరకు తీసిన లెక్కల్లో ఇంటింటి పత్రాలు చాలావరకు 1922లో, ప్రభుత్వ రికార్డులు దాచిన డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ భవన సముదాయంలో చెలరేగిన మంటల్లో కాలిపోయాయి. అందరూ ఆ మంటలనే తిడతారు గాని, 1861 నుంచి 1891 వరకు జరిగిన నాలుగు లెక్కల పత్రాలను ప్రభుత్వమే చేజేతులా నాశనం చేసింది.

పూర్తిగా మిగిలిన 1901, 1911 పత్రాలను అక్కడి జాతీయ పురాలేఖాగారం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. నా దృష్టిలో వాటిలో అన్నింటికన్నా విలువైనది ఇంటి పత్రం. రాతిగోడ అయితే ఒక మార్కు, మట్టిగోడ అయితే సున్నా. పలకల కప్పుకు ఒకటి, గడ్డికప్పుకు సున్నా. వాటికి గదులు, ముందువైపు కిటికీల మార్కులు కలిపి ఇంటికి తరగతి నిర్ణయించేవారు. పశువుల కొట్టాలకు, పందుల దొడ్లకు వేరే పత్రం ఉంది. పెళ్లయిన స్త్రీకి ఎందరు పిల్లలు పుట్టారో, ఎందరు బతికున్నారో 1911లో అడిగారు. వయసులను మాత్రం నమ్మకూడదు. 1909 నుంచి డెబ్బై నిండినవారికి పింఛను వచ్చింది; జనన నమోదు 1864లో గాని మొదలు కానందువల్ల వృద్ధుల దగ్గర పత్రాలు లేవు. అందుకే పదేళ్లలో పదిహేనేళ్లు పెరిగినవారు ఆ లెక్కల్లో చాలామంది కనిపిస్తారు.

మీ అమ్మాయి ఇంటి పెరటి వైపు కనిపించే ఆ గోడలన్నీ క్షామం నాటివే అనుకోనక్కర్లేదు. కౌలు రైతులు భూస్వాముల నుంచి భూమి కొనుక్కునే వీలు కల్పించిన 1903 చట్టం తరువాత భూమి సొంతమైన రైతుల్లో కొత్త ఇల్లు కట్టుకుని పాతదాన్ని కొట్టంగా వాడుకున్నవారూ ఉన్నారు.

ఇక మీ పల్లె సంగతి. మన జనగణనలో ఇంటింటి పత్రాలను 1948 చట్టం ప్రకారం ఎవరికీ చూపరు కనుక, భూమి నుంచే మొదలుపెట్టాలి. తహసీల్దారు కార్యాలయంలో ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్ల వారీ పాత భూమి రిజిస్టరు), ఎఫ్‌ఎంబి (పొలాల కొలతల పటాల పుస్తకం) నకళ్లకు దరఖాస్తు చేస్తే సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, నాటి పట్టాదారు పేరు దొరకవచ్చు. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది కాబట్టి పాత కాగితాలను ఆ పేరుతోనే వెతకాలి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది గాని, కరణాల ఇళ్లలో పాత చిట్టాలు మిగిలి ఉండవచ్చు, అడిగి చూడండి. ఒక చిక్కుంది: ఊరి ఇళ్లన్నీ సాధారణంగా గ్రామకంఠం కింద ఒకే సర్వే నంబరులో ఉంటాయి కాబట్టి ఏ ఇల్లు ఎవరిదో పాత భూమి రికార్డు చెప్పదు. దానికి పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టర్లు చూడాలి. అవి అందని కాలానికి ఊరి పెద్దలను ఒక్కొక్క ఇంటి స్థలం దగ్గరే నిలబెట్టి అడిగి రాసుకోవాలి.