రోడ్డు పక్క చెట్లు మేం పెంచాం.. వాటిపై మాకు హక్కుందా?

ప్రశ్న: మాది హనుమకొండలో ఒక కాలనీ. మా వీధిలో రోడ్డుకూ ఇళ్ల ప్రహరీలకూ మధ్య ఆరడుగుల జాగా ఉంది. ఒకప్పుడు అక్కడ చెత్త, కూల్చిన ఇళ్ల శిథిలాలు పోసేవారు. ఆరేళ్ల కిందట కాలనీ సంక్షేమ సంఘం తరఫున చందాలు వేసుకుని, మట్టి తోలించి వేప, కానుగ, పొగడ మొక్కలు నాటాం. ఇప్పుడు వీధంతా నీడ. ఈమధ్య ఒకాయన తన ఇంటి ముందున్న రెండు కానుగ చెట్లు కొట్టించి, కారు పెట్టుకోవడానికి సిమెంటు చేయించుకున్నాడు. అడిగితే ‘ఇదేమన్నా మీ జాగానా?’ అన్నాడు. ఇంకోచోట టీ బండి వెలిసింది. ఫుట్‌పాత్ కాంట్రాక్టరేమో చెట్ల మొదళ్లకు ఆనించి టైల్స్ పరిచేశాడు. మేం చుట్టూ కంచె వేసుకోవచ్చా? ఆయన మీద కేసు పెట్టవచ్చా? - సంఘం కార్యదర్శి

జవాబు: చెట్లు కొట్టించినాయన అడిగినదానికే ముందు జవాబు చెప్తాను. అది మీ జాగా కాదు, ఆయన జాగా కూడా కాదు. రోడ్డంటే తారు వేసినంత మేరే అని చాలామంది అనుకుంటారు. చట్టం లెక్కలో ఫుట్‌పాత్, పక్క కాలువ, రోడ్డు అంచున వదిలిన ఖాళీ జాగా (మార్జిన్) అన్నీ కలిస్తేనే ప్రజా వీధి. లేఔట్‌లో రోడ్డుగా చూపిన వెడల్పంతా మున్సిపల్ కార్పొరేషన్ అధీనంలో ఉంటుంది. కాబట్టి ఎన్నేళ్లు నీళ్లు పోసినా, ఎంత ఖర్చు పెట్టినా సంఘానికి యాజమాన్యం రాదు. ఈ సంగతి మీ సభ్యులందరికీ స్పష్టంగా చెప్పండి. ‘మా పార్కు’ అనే మాట ఫిర్యాదులో రాస్తే అవతలి వకీలు మొట్టమొదట పట్టుకునేది దాన్నే.

అయితే యాజమాన్యం లేనంత మాత్రాన మీకు నోరు లేదని కాదు. బెంగళూరులో పార్కుకు ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రి కోసం ఒక ట్రస్టుకు కేటాయిస్తే, ఆ ప్రాంతవాసులే కోర్టుకెక్కారు. మీకేం సంబంధం అని అవతలివాళ్లు అడిగారు. 1991లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, అలాంటి స్థలాన్ని కాపాడుకోవడానికి అక్కడ నివసించేవాళ్లకు కోర్టుకు వచ్చే హక్కు ఉందని చెప్పింది. అది బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు. పర్యావరణాన్ని కాపాడటం పౌరుడి ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ(జి) కూడా చెబుతోంది. మీరు ఆ విధి నిర్వర్తించారు. అడిగే అర్హత మీకుంది.

ఇక కొట్టిన చెట్ల సంగతి. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. తన ఇంటి ముందున్నా సరే, రోడ్డు మీది చెట్టును సొంతంగా కొట్టే హక్కు ఎవరికీ లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద చెట్టు నరకడానికి ముందస్తు అనుమతి కావాలి. అందువల్ల వాల్టా ఉల్లంఘన అంటూ అటవీ అధికారికి, ప్రజా వీధి ఆక్రమణ అంటూ కార్పొరేషన్ కమిషనర్‌కు వేర్వేరుగా ఫిర్యాదులివ్వండి. స్థానిక సంస్థ ఆస్తి కూడా ప్రజా ఆస్తి నష్ట నివారణ చట్టం, 1984 పరిధిలోకి వస్తుంది. కాబట్టి పోలీసులకు కూడా రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. కమిషనర్ కార్యాలయం నుంచే ఆ ఫిర్యాదు వెళ్తే బలం ఎక్కువ. నాటినప్పటి ఫొటోలు, మట్టి తోలించిన బిల్లులు, చందా రసీదులు అన్నిటికీ జత చేయండి.

సిమెంటు తొలగించడానికి సివిల్ దావాకు పోవాల్సిన పనిలేదు. ప్రజా మార్గంలో అక్రమ అడ్డంకి తొలగించాలని బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 152 కింద ఆర్డీవో ముందు దరఖాస్తు పెట్టవచ్చు. పాత సీఆర్‌పీసీలో 133గా ఉన్నది ఇదే. ఎవరూ కదలకపోతే ఫిర్యాదు ప్రతులతో హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ (అధికారులు తమ పని చేసేలా ఆదేశించమని కోరే పిటిషన్) వేయవచ్చు. అక్కడ కోర్టు మొట్టమొదట అడిగేది, అధికారులకు ఎప్పుడు ఇచ్చారు, రసీదు ఏది అని. మీ ఫిర్యాదుపై ఏం చర్య తీసుకున్నారో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఆయన వైపు ఒక న్యాయమైన మాట కూడా ఉంది. తన స్థలం నుంచి రోడ్డు మీదికి రాకపోకల హక్కు ప్రతి ఇంటి యజమానికీ ఉంటుంది. అతని గేటుకు అడ్డంగా మీరు మొక్క నాటి ఉంటే ఆ మేరకు తప్పు మీదే. గేటు వెడల్పు వదిలేయండి, మిగతాది గట్టిగా అడగండి.

కంచె మాత్రం వద్దు. అనుమతి లేని కంచె కూడా ఆక్రమణే. దాన్ని తీసేసే అధికారం కమిషనర్‌కు ఉంటుంది, అప్పుడు మీరూ ఆయనా ఒకే గాటన పడతారు. ఒక్కో మొక్కకు ట్రీ గార్డు చాలు. ముళ్ల తీగ అసలే వాడకండి, పిల్లలు తిరిగే చోటు. దాత పేరుతో బోర్డు పెట్టాలన్నా అడిగే పెట్టండి, దాన్ని ప్రకటనగా లెక్కగట్టే అవకాశం ఉంది.

టీ బండిని మీరు తోసేయకూడదు. వీధి వ్యాపారుల చట్టం, 2014 ప్రకారం సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వాళ్లను ఖాళీ చేయించడానికి వీల్లేదు. బతుకుదెరువు కోసం వచ్చిన మనిషి ఆయన. చెట్టు మొదట్లో వేడినీళ్లు పోయొద్దని, మేకులు కొట్టొద్దని చెప్పండి. రేపు ఆ చెట్లకు కాపలా ఉండేది ఆయనే కావచ్చు.

టైల్స్ విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ చెట్ల గురించి ఇచ్చిన ఆదేశం మీకు పనికొస్తుంది. చెట్టు చుట్టూ మీటరు దూరం దాకా కాంక్రీటు తొలగించమని అందులో ఉంది. అది ఢిల్లీకి ఇచ్చిందే అయినా, ఇంజనీరుకు రాసే లేఖలో ఉదహరించండి. వేరుకు నీరు, గాలి అందకపోతే చెట్టు బలహీనపడి గాలివానకు కూలుతుంది. అప్పుడు ఎవరి మీదైనా పడితే?

ఇది మీరు అడగలేదు కానీ అడగాల్సింది. 1997లో రాజ్‌కోట్ కేసులో చెట్టు హఠాత్తుగా కూలి మనిషి చనిపోతే కార్పొరేషన్ బాధ్యత కాదంది సుప్రీంకోర్టు. రెండేళ్లకు ఢిల్లీ కేసులో స్కూటర్ మీద వెళ్తున్న వ్యక్తిపై కొమ్మ విరిగిపడితే మాత్రం కార్పొరేషన్‌దే బాధ్యతంది. ఎండిపోయిన చెట్టు ప్రమాదమని తెలిసినా, తెలుసుకోగలిగినా, చూడకపోవడం నిర్లక్ష్యమే. ఆ చూసే పని మీ సంఘం ఏ కాగితమూ లేకుండా నెత్తికెత్తుకుంటే, రేపు మిమ్మల్నీ ప్రతివాదిగా చేరుస్తారు. అందుకే కమిషనర్‌తో నిర్వహణ ఒప్పందం రాసుకోండి. సంఘం 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ కాకపోతే ముందు ఆ పని చేయించండి. ఎంత మేర, ఎన్నేళ్లు, నీళ్లు ఎవరివి, కొమ్మలు ఎవరు కొట్టాలి, ప్రమాదం జరిగితే ఎవరు భరించాలి, ఇవన్నీ అందులో ఉండాలి. పెద్ద కొమ్మలు, ఎండిన చెట్లు, కరెంటు తీగల దగ్గర పని మీ మీద వేసుకోకండి.

కార్పొరేషన్ వాళ్లు డబ్బులేదంటారేమో. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించమంటోంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత వార్డు స్థాయిలో ప్రజాప్రతినిధి మీద, అధికారి మీద పెట్టింది. మీ కార్పొరేటర్ దగ్గరికి ఆ లెక్కతోనే వెళ్లండి.

ఒక్క జాగ్రత్త. అధికారులు వచ్చి పంచనామా రాసేదాకా కొట్టిన కానుగల మోళ్లను పెకిలించనివ్వకండి. అవి మీ సాక్ష్యం. కానుగ మోడు నుంచి మళ్లీ చిగురు వేసే చెట్టు కాబట్టి, మొదళ్ల చుట్టూ సిమెంటు పగలగొట్టించాలన్న అభ్యర్థనను ఫిర్యాదులో మొదటి అంశంగా పెట్టండి.