ఇల్లు కట్టి ఇవ్వడమా, కట్టుకునే దారి చూపడమా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కిందటి సంచికలో సొంతింటి ఖర్చుల మీద వేసిన వ్యాసంలో హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే లాభాపేక్ష లేని సంస్థను ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశాం. విజయవాడ, గుంటూరు పాఠకుల ఉత్తరాల్లో చాలా వాటికి ఆ ఒక్క వాక్యమే కారణమైంది. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సుత్తి పట్టుకుని పేదల ఇంటికి మేకులు కొడుతున్న ఫొటో ఎప్పుడో పత్రికలో చూశాను. మీరు చెప్పిన సంస్థ అదేనా? ప్రపంచమంతటా ఇళ్లు ఉచితంగా కట్టి ఇవ్వడానికి వారికి అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సంస్థ అదే, మాస్టారూ. అయితే ఇళ్లు ఉచితంగా ఇవ్వరు. ఆ సంస్థ గురించి ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదే.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే చిన్న పట్టణం ఉంది. దాని సమీపంలో 1942లో క్లారెన్స్ జోర్డన్ అనే బైబిల్ పండితుడు మరికొందరితో కలిసి కొయినోనియా అనే వ్యవసాయ క్షేత్రాన్ని నెలకొల్పాడు. నల్లవారూ తెల్లవారూ ఒకే బంతిలో కూర్చుని భోజనం చేయడం అక్కడి పద్ధతి. వర్ణవివక్ష చట్టబద్ధంగా నడుస్తున్న ఆ రోజుల్లో ఇందుకు ప్రతిఫలంగా వారు వ్యాపార బహిష్కరణనూ తుపాకి కాల్పులనూ ఎదుర్కొన్నారు. మిలార్డ్ ఫుల్లర్ అనే న్యాయవాది చిన్న వయసులోనే వ్యాపారంలో బాగా గడించి, ఆ సంపాదన వెంట పరుగులో సంసారం చెదిరిపోయే దశకు వచ్చేసరికి, భార్య లిండాతో కలిసి ఆస్తినంతా దానం చేసి ఈ క్షేత్రానికి చేరుకున్నాడు. 1968లో జోర్డన్, ఫుల్లర్ కలిసి వేసిన పథకం సూటిగా ఉంటుంది: కూలిపోతున్న గుడిసెల్లో ఉండే కుటుంబాలకు లాభం చూసుకోకుండా, వడ్డీ వేయకుండా ఇళ్లు కట్టించాలి, ఆ కుటుంబం ఏళ్ల తరబడి కట్టే కంతులన్నీ ఒక నిధిలో చేరాలి, ఆ నిధితో మరో కుటుంబానికి పునాది పడాలి. మన చీటీపాట లాంటిదే అనుకోవచ్చు, కాకపోతే ఇందులో పాట లేదు, తరుగు లేదు.

కంతుతో పాటు శ్రమ వాటా కూడా ఉంటుంది. ఇల్లు పొందే కుటుంబం తన ఇంటికీ, తోటివారి ఇంటికీ ఇన్ని గంటలని పనిచేయాలి. కార్టర్ లాంటి స్వచ్ఛంద సేవకులు వచ్చి పనిచేసేది ఆ కుటుంబం పక్కనే నిలబడి. ఫుల్లర్ దంపతులు 1973లో మధ్య ఆఫ్రికాలోని అప్పటి జైర్ (ఇప్పటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) దేశానికి వెళ్లి మూడేళ్లు ఇదే పద్ధతిని అమలు చేసి చూశారు. తిరిగి వచ్చాక 1976లో హ్యాబిటాట్ సంస్థను స్థాపించారు. ఇక డబ్బు విషయానికి వస్తే, విరాళాలూ కంపెనీల సాయమూ కొంత. తిరిగొచ్చే కంతులు కొంత. వాడగా మిగిలిన తలుపులు, పలకలు, సామాన్లు విరాళంగా తీసుకుని చవకగా అమ్మే రీస్టోర్ దుకాణాల ఆదాయం కొంత. వీటిలో మొదటిది 1991లో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో తెరిచారు.

కార్టర్ 1984లో న్యూయార్క్‌లో ఒక పాడుబడ్డ భవనాన్ని బాగుచేసే పనిలో చేరి, భార్య రోజలిన్‌తో కలిసి 2019 వరకు ఏటా కొన్ని రోజులు ఈ పనికే కేటాయించాడు. ఆ కార్యక్రమాల్లో 14 దేశాల్లో నాలుగు వేలకు పైగా ఇళ్లను కట్టడమో, బాగుచేయడమో జరిగింది. 2006లో మన మహారాష్ట్రలోని లోనావాలా దగ్గర కట్టిన వంద ఇళ్లూ వాటిలో ఉన్నాయి. తొంభై అయిదేళ్ల వయసులో ఇంట్లో పడి, కంటిపైన కుట్లు పడిన మర్నాడే నాష్‌విల్ నగరంలో పనికి హాజరైన మనిషి ఆయన. అంత పెద్ద పదవి నుంచి దిగినవాడు అంతకాలం అదే పనిని పట్టుకుని ఉండడం నాకు ఇళ్ల సంఖ్య కంటే గొప్పగా తోస్తుంది.

ప్రశ్న: ఈ సంస్థ 6 కోట్ల మందికి పైగా సాయం చేసిందని చదివాను. మన దగ్గర ఒక్క కాలనీ పూర్తి కావడానికే ఏళ్లు పడుతుంటే, ఒక స్వచ్ఛంద సంస్థ అన్ని కోట్ల మందికి ఇళ్లెలా కట్టగలదు? ఈ లెక్కను నమ్మవచ్చా?
– సివిల్ ఇంజనీరు, మంగళగిరి

జవాబు: మీరు ఇంజనీరు గనుక సరైన చోటే పట్టుకున్నారు. ఆ సంఖ్య సంస్థ స్వయంగా ప్రకటించుకున్నది, పైగా అది మనుషుల లెక్క, ఇళ్ల లెక్క కాదు. కొత్త ఇంట్లో చేరినవారితో పాటు పాత ఇంటికి కప్పు మార్చుకున్నవారు, మరుగుదొడ్డి కట్టుకున్నవారు, తుపాను తర్వాత తాత్కాలిక నివాసం పొందినవారు, చిన్న గృహరుణం అందుకున్నవారు కూడా అందులో ఉంటారు. కాబట్టి కోట్ల ఇళ్లు కట్టారని అర్థం చేసుకుంటే పొరపాటవుతుంది. అలాగని అది బూటకమని కొట్టిపారేయడమూ సబబు కాదు, ఎందుకంటే ఆ సంస్థ యాభై ఏళ్లలో నేర్చుకున్న అసలు పాఠం ఆ లెక్కలోనే ఉంది.

పేదవాడు ఇల్లు ఒక్కసారిగా కట్టడు. విడతలుగా కడతాడు. కిందటి వేసవిలో విజయవాడ విద్యాధరపురం కొండ మీద ఒక ఇంటికి వెళ్లాను. కింద రోడ్డు మీద దించిన ఇసుకను సిమెంటు సంచుల్లో నింపి, తలపాగా మీద పెట్టుకుని నూరుకు పైగా మెట్లు ఎక్కించాలి. ఇసుక ధర కంటే మోతకూలే ఎక్కువవుతుందని ఆ ఇల్లాలు చెప్పింది. మొదటి ఏడు డ్వాక్రా అప్పుతో ముందుగదికి గచ్చు చేయించింది. ఆ అప్పు తీరాక మళ్లీ తీసుకుని మరుగుదొడ్డి కట్టించింది. మూడో అప్పుతో లోపలి గోడలకు పూత పడింది. నేను వెళ్లేసరికి శ్లాబు కోసం కొన్న ఇనుప చువ్వలు తుప్పు పట్టకుండా టార్పాలిన్ చుట్టి మంచం కింద పెట్టి ఉన్నాయి. ఆ ఇంటికి ఎనిమిదేళ్లు పట్టింది, ఇంకా పూర్తి కాలేదు.

ప్రపంచంలో పేదల ఇళ్లలో అధికభాగం ఇలా కట్టినవే. బ్యాంకు ఇచ్చే ఇరవై ఏళ్ల గృహరుణం వీరికి అందదు, ఎందుకంటే జీతం చీటీ ఉండదు, పట్టా సరిగా ఉండదు. అందుకే హ్యాబిటాట్ 2012లో మైక్రోబిల్డ్ అనే 10 కోట్ల డాలర్ల నిధిని ఏర్పాటు చేసి, వివిధ దేశాల్లోని సూక్ష్మరుణ సంస్థలకు అప్పిచ్చి, వాటి ద్వారా గది గదికీ, కప్పుకూ, గచ్చుకూ సరిపోయే చిన్న రుణాలు ఇప్పించింది. తాను కట్టించే ఇళ్ల సంఖ్యను మాత్రమే నమ్ముకుని ఉంటే ఆ సంస్థ ఇంతమందిని చేరుకునేది కాదని నా అభిప్రాయం.

చిన్న మార్పుకు అంత విలువ ఉంటుందా అని మీరు అడగవచ్చు. దీనికి మెక్సికోలో ప్రభుత్వం చేసిన ఒక పని నుంచి మంచి ఆధారం దొరికింది. కోవాయిలా రాష్ట్రంలో 2000 నుంచి మట్టినేల ఇళ్లకు యాభై చదరపు మీటర్ల వరకు కాంక్రీటును ఉచితంగా లారీలో తెచ్చి పోశారు. నేల చదును చేసుకోవడం, పోసినదాన్ని పరుచుకోవడం ఇంటివారి వంతు. ఆర్థిక శాస్త్రవేత్తలు ఈ పథకం అందిన టొర్రెయోన్ నగరాన్ని, రాష్ట్ర సరిహద్దుకు అవతల దాన్ని ఆనుకునే ఉండి పథకం అందని పట్టణాలతో పోల్చి 2009లో ఫలితాలు ప్రచురించారు. మట్టినేల పూర్తిగా గచ్చుగా మారిన చోట పిల్లల్లో కడుపులో పురుగులు 78 శాతం, రక్తహీనత 81 శాతం, నీళ్ల విరేచనాలు 49 శాతం తగ్గినట్లు లెక్క తేలింది. తల్లుల మనోవేదన కూడా తగ్గింది. ఇంటిని కాదు, ఇంటి నేలను మాత్రమే మారిస్తే వచ్చిన ఫలితం ఇది. పాకే పిల్ల చేతిని నోట్లో పెట్టుకునే ఇంట్లో పెరిగిన ఎవరికైనా ఇందులో ఆశ్చర్యం ఉండదు.

ప్రశ్న: మేము మొగల్రాజపురం కొండవాలులో ఉంటున్నాం. ఊరి చివర కాలనీలో మాకు ఇల్లు వచ్చింది. నేను బెంజి సర్కిల్ దగ్గర నాలుగిళ్లలో పనిచేస్తాను, మా ఆయన ఆటో నడుపుతారు. అక్కడికి వెళ్లిపోతే నా పని పోతుంది. వెళ్లకపోతే ఇల్లు పోతుందని భయం. ఏం చేయమంటారు?
– గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, ఈ సమస్య మీ ఒక్కరిది కాదు. అహ్మదాబాద్‌లో 1987లో సేవా (స్వయం ఉపాధి మహిళల సంఘం) సభ్యులైన 497 మంది శ్రామిక స్త్రీల మధ్య లాటరీ తీసి 110 మందికి ఇళ్లు కేటాయించారు. ఇళ్లు మంచివే, కాని నగరం నడిబొడ్డు నుంచి సుమారు 12 కిలోమీటర్ల దూరం. పద్నాలుగేళ్ల తర్వాత పరిశోధకులు వెళ్లి చూస్తే, ఇల్లు వచ్చినవారిలో 34 శాతం మంది అసలు చేరనే లేదు. మరో 32 శాతం మంది చేరి తిరిగి వచ్చేశారు. ఇల్లు వచ్చినవారికీ రానివారికీ సంపాదనలో తేడా కనిపించలేదు, పిల్లల చదువుల్లోనూ కనిపించలేదు. దూరం వెళ్లినవారు కష్టకాలంలో చేబదులిచ్చే ఇరుగుపొరుగును పోగొట్టుకున్నారు.

కాబట్టి మీ భయంలో అర్థముంది. అయితే కొండ విషయం వేరు. 2024 ఆగస్టు 31న కుండపోత వానకు మీ ప్రాంతంలోనే కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మీ ఇంటి పైన వేలాడే బండ ఉన్నా, వాన పడినప్పుడు వెనుక గోడ నుంచి బురద నీరు ఊరుతున్నా, పని సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు పిల్లలతో అక్కడి నుంచి కదలండి. అటువంటి ప్రమాదం లేని చోట ఇల్లుంటే మాత్రం, కేటాయింపు పత్రాల్లో ఎప్పటిలోగా చేరాలని ఉందో వార్డు సచివాలయంలో కాగితం మీద రాయించుకోండి. ఉదయం ఆరింటికి అక్కడి నుంచి బస్సు ఉందో లేదో మీరే ఒక రోజు వెళ్లి చూడండి. మీతో పాటు ఇల్లు వచ్చిన తెలిసిన కుటుంబాలు ఒకే వరుసలో చేరేలా అడగండి.

హ్యాబిటాట్ 2023లో హోమ్ ఈక్వల్స్ పేరుతో మురికివాడల కోసం మొదలుపెట్టిన ప్రచారోద్యమం ఈ మాటే ప్రభుత్వాలకు చెబుతోంది: సురక్షితమైన చోట ఉన్న వాడను తరలించడం కంటే అక్కడే నీరు, మురుగు కాలువ, హక్కు పత్రం ఇచ్చి బాగుచేయడం మేలు. నేను ఈ పక్షమే.

ప్రశ్న: ఈ సంస్థకు తెలుగు నేలతో ఏమైనా సంబంధం ఉందా?
– విద్యార్థి, తెనాలి

జవాబు: ఉంది. భారతదేశంలో ఈ సంస్థ తొలి అడుగు పడింది ఖమ్మంలో, 1983లో. విజయవాడ నుంచి రైలెక్కితే రెండు గంటల లోపు చేరుకునే ఊరు.

ప్రశ్న: స్థలం మా మామగారి పేరున ఉంది. ఇల్లు కట్టేటప్పుడు దాన్ని నా పేరుకు మార్చాలని డ్వాక్రా సంఘంలో అంటున్నారు. ఇంట్లో గొడవ అవుతోంది. పేరు ఎవరిదైతే ఏం?
– సంఘం సభ్యురాలు, తాడేపల్లి

జవాబు: పేరు ఎవరిదన్నది చాలా పెద్ద విషయం. బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు 1984లో గృహరుణాలు మొదలుపెట్టినప్పుడు ఇంటి స్థలం స్త్రీ పేరున ఉండాలని షరతు పెట్టింది. భర్త వదిలేసినా, కోపంలో వెళ్లిపొమ్మన్నా, అప్పు తీరుస్తున్న ఆడమనిషి వీధిలో పడకూడదన్నది అందులోని ఆలోచన. రుణంతో నాలుగు కాంక్రీటు స్తంభాలు, కప్పుకు రేకులు, మరుగుదొడ్డి సామగ్రి వచ్చేవి. వరద వచ్చి గోడలు కొట్టుకుపోయినా స్తంభాలు నిలిచేవి. ఈ కార్యక్రమానికి 1989లో వాస్తుకళకు ఇచ్చే ఆగాఖాన్ పురస్కారం లభించింది. మన రాష్ట్రంలోనూ ఇళ్ల పట్టాలు స్త్రీల పేరున ఇచ్చే ఆనవాయితీ ఉంది. మీ మామగారితో గొడవగా కాకుండా, ఆయనకు జీవితాంతం ఆ ఇంట్లో నివసించే హక్కు ఉంటుందని రాసి రిజిస్టరు చేయిస్తామని చెప్పి చూడండి. పెద్దవారి భయం సాధారణంగా ఆస్తి గురించి కాదు, తన చోటు గురించి.

ప్రశ్న: మాది రేకుల ఇల్లు. శ్లాబు వేసే స్తోమత ఇప్పట్లో లేదు. బెజవాడ ఎండలకు మధ్యాహ్నం ఇంట్లో పసిపిల్లను ఉంచలేకపోతున్నాం. చవకగా ఏదైనా దారి ఉందా?
– కొత్త రాజరాజేశ్వరీపేట, విజయవాడ

జవాబు: ఉంది. అహ్మదాబాద్‌లో 1994 నుంచి పనిచేస్తున్న మహిళా హౌసింగ్ ట్రస్టు పేదవాడల్లో కప్పులకు ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు వేయిస్తోంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ఒక విధానాన్నే ప్రకటించింది. రంగు కొనలేకపోతే చిక్కటి సున్నం కూడా పనికొస్తుంది, కాకపోతే వానలకు పోతుంది గనుక ఏటా వేయాలి. ఫిబ్రవరిలోనే వేయండి. సిమెంటు రేకులైతే పొడిగా గీకవద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ముందు బాగా తడిపి, మెత్తని బ్రష్‌తో నాచు కడిగి, ఆరాక రెండు పూతలు వేయించండి. రేకు మీద కాలు పెట్టకుండా, కింద దూలం ఉన్న వరుస మీద అడ్డంగా పలక వేసుకుని దాని మీద కూర్చుని పనిచేయాలని కూలివారికి చెప్పండి.