బడిలో సర్వరు పెట్టబోతున్న అమ్మాయికి

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ మెసేజీ చూశాను. ల్యాబులో పాత ఐ5 మిషను ఒకటి ఖాళీగా ఉందనీ, దాని మీద మూడిల్ (బళ్లు పాఠాలూ పరీక్షలూ నడుపుకునే ఉచిత వెబ్ సాఫ్ట్‌వేర్) పెట్టి పిల్లలకి క్విజ్జులూ నోట్సూ ఇవ్వాలనుందనీ రాశావు. పెట్టమ్మా. ఇన్‌స్టాలేషన్ ఒక పూట పని. ఆ తరవాత ఏడాది పొడుగునా నీ కాపురం కరెంటుతోనూ, ఐపీ అడ్రసుతోనూ, బ్యాకప్పుతోనూ. అందుకని ఈ ఉత్తరంలో వాటి గురించే ఎక్కువ ఉంటుంది.

ముందు చోటు చూడు. కింద గది చల్లగా ఉంటుందని అందరూ అక్కడే పెట్టమంటారు. మీ బడి లంకని ఆనుకుని ఉంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరదకి మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు, 2022 జులైలో వదిలింది 25 లక్షలు దాటింది. సర్వరు మేడ మీదే ఉండాలి. గది వేడెక్కినా ఫరవాలేదు, ఫ్యాను తిరిగితే చాలు. రెండో హెచ్చరిక, అంటే 13 లక్షలు, అని వినగానే మిషను ఆపేసి, ప్లగ్గు పీకి, బ్యాకప్ డిస్కు ఊరు దాటించెయ్. మూడోది ఇచ్చేదాకా కూర్చుంటే దారే ఉండకపోవచ్చు.

కరెంటు సంగతి. 600 వీఏ యూపీఎస్ చాలు, కానీ దానికి సర్వరూ స్విచ్చీ తప్ప ఇంకేమీ తగిలించకు. మానిటరు కూడా వద్దు. లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మన ఎండలకి రెండు మూడేళ్లు వస్తే గొప్ప. చవక యూపీఎస్‌లకి యూఎస్‌బీ పోర్టు ఉండదు, కాబట్టి కరెంటు పోయిందని మిషనుకి తెలియదు. అయిదు నిమిషాల్లో కరెంటు రాకపోతే పవర్ బటన్ ఒక్కసారి నొక్కి వదిలెయ్యమని ఒక పెద్ద క్లాసు పిల్లాడికి నేర్పు. అలా నొక్కితే డెబియన్, అంటే మిషనులో వేసే లినక్సు, తనంతట తను పద్ధతిగా ఆగుతుంది. నొక్కి పట్టుకుంటే మాత్రం పీక నొక్కినట్టే. బయోస్‌లో, అంటే మిషను లేవగానే కనబడే సెట్టింగుల తెరలో, కరెంటు తిరిగి రాగానే ఆన్ అయ్యే సెట్టింగు పెట్టు. అప్పుడే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల కూడా మార్చెయ్. అది చచ్చిపోతే, ఇంటర్నెట్టు లేని రోజున మిషను ఏదో పాత తేదీతో లేస్తుంది, పొద్దున పదింటికి తెరుచుకోవాల్సిన క్విజ్జు తెరుచుకోదు. తప్పు మూడిల్‌దని నువ్వు దాంట్లో వెతుక్కుంటూ కూర్చుంటావు.

వెర్షన్ల దగ్గర తొందరపడకు. మూడిల్ 4.5 తీసుకో, దానికి 2027 అక్టోబరు దాకా సెక్యూరిటీ మరమ్మతులు వస్తాయి. దాని కింద డెబియన్ 12 వెయ్యి. అందులో వచ్చే పీహెచ్‌పీ 8.2 (మూడిల్ రాసిన భాష) దీనికి సరిగ్గా సరిపోతుంది. కొత్తది కదా అని డెబియన్ 13 వేశావంటే పీహెచ్‌పీ 8.4 వస్తుంది, 4.5 దాన్ని ఒప్పుకోదు. డేటాబేసుకి మరియాడీబీ, అక్షరాలకి యూటీఎఫ్8ఎంబీ4, తెలుగు చెడకుండా దాచే పద్ధతి అది. పిల్లలు ఎక్కించే ఫైళ్లుండే మూడిల్‌డేటా అనే ఫోల్డరు వెబ్ ఫోల్డరుకి బయట ఉండాలి. లోపల పెడితే పిల్లల ఆన్సరు ఫైళ్లు అడ్రసు తెలిసినవాడికల్లా దొరుకుతాయి.

పీహెచ్‌పీకి ఐఎన్‌ఐ అనే సెట్టింగుల ఫైళ్లు రెండుంటాయి, ఒకటి అపాచీకి (పేజీలు పంపే వెబ్ సర్వరు), ఒకటి కమాండ్ లైనుకి. మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్ (ఒక ఫారంలో ఎన్ని గడులు ఒప్పుకోవాలో చెప్పేది) 5000 అని రెంటిలోనూ పెట్టాలి. ఒక దాంట్లో పెట్టి, మూడిల్ తనిఖీ పేజీ ఇంకా ఎర్రగా ఎందుకు చూపిస్తోందని జుట్టు పీక్కునేవాళ్లే ఎక్కువ. అప్‌లోడ్ సైజు మొదట 2 ఎంబీయే ఉంటుంది, ఫోనుతో తీసిన ఒక్క ఫోటో కూడా ఎక్కదు. అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజు 64 చేస్తే పోస్ట్ మ్యాక్స్ సైజు (ఒక్కసారి పంపే మొత్తం) 70 చెయ్యి. రెండోది చిన్నదైతే మొదటిది ఎంత పెంచినా దండగ.

క్రాన్, అంటే మూడిల్ వెనకాల పనులు వేళకి చేసేది, నిమిషానికోసారి నడవాలి, అదీ అపాచీ వాడే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజరు పేరుతో. రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజరుగా, నడిపావనుకో, క్యాషే (తాత్కాలిక) ఫైళ్లు రూట్ సొత్తయిపోతాయి, ఇక అపాచీ వాటిని ముట్టుకోలేక సైటు తప్పులు చూపిస్తుంది. అసలు నడపకపోతే, టైమైపోయినా పిల్లలు సబ్మిట్ నొక్కని క్విజ్జులు అలాగే వేలాడుతుంటాయి.

అడ్రసు. మిషనుకి మారని ఐపీ ఇవ్వు, 192.168.1.10 లాంటిది. రౌటరు మిగతావాళ్లకి పంచే నంబర్లలో అది లేకుండా చూడు. కాన్ఫిగ్ ఫైల్లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూరూట్ అనే లైనులో ఏ అడ్రసు రాస్తే మూడిల్ దాన్నే పట్టుకు వేలాడుతుంది. రౌటరు మార్చి ఐపీ మారిందంటే బడి మొత్తం తెల్లమొహం వేస్తుంది. బయటి ఇంటర్నెట్టుకి మాత్రం తెరవకు. ఇంటి దగ్గర్నించి కూడా చూసుకుంటామని టీచర్లు అడుగుతారు. వారం వారం అప్‌డేట్లు చూసే మనిషి బడికి దొరికిన రోజున చూద్దామని చెప్పు.

నలభై మంది ఒకేసారి లాగిన్ నొక్కే ఘట్టమే అసలు పరీక్ష. 8 జీబీ ర్యామ్ వేయించు. అపాచీ మామూలుగా 150 మందిని ఒకేసారి లోపలికి రానిస్తుంది, దాన్ని 50కి దించు. మిగతావాళ్లు ఒక్క క్షణం ఆగుతారు, అంతే. దించకపోతే ర్యామ్ నిండి డిస్కు మీద పడుతుంది, అప్పుడు అందరూ ఆగుతారు. వీడియో పెట్టేముందు లెక్క వేసుకో: ఒక్కొక్కరికి 2 ఎంబీపీఎస్ చొప్పున నలభై మందికి 80. పాత 100 ఎంబీపీఎస్ స్విచ్చి అక్కడికే రొప్పుతుంది. గిగాబిట్ స్విచ్చి కొనమని అడుగు.

ఇక పిల్లల పేర్లు. అన్నిటికంటే ఎక్కువ విసిగించేది ఇదే. లిస్టు ఎక్సెల్లో తయారుచేసి మామూలు సీఎస్‌వీగా దాచావంటే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని విడిగా ఉంటుంది, అది ఎంచు. అడ్మిషన్ నంబరు 0417 ఉంటే ఎక్సెల్ ముందు సున్నా మింగేసి 417 చేస్తుంది. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చుకుని అప్పుడు టైపు చెయ్యి. ఈమెయిల్ లేనిదే మూడిల్ ఊరుకోదు, ఒకటే మెయిల్ ఇద్దరికి పెట్టినా ఒప్పుకోదు. పిల్లలకి మెయిళ్లెక్కడివి? అడ్మిషన్ నంబరు, @, బడి పేరు వేసి, చివర డాట్ ఇన్వాలిడ్ పెట్టు. ఆ డొమైన్ ఎవరికీ దొరకదు, కాబట్టి ఉత్తరాలు తప్పుదారిన పోవు. ఫుల్ నేమ్ ఫార్మాట్‌లో ఇంటిపేరు ముందు వచ్చేలా మార్చు, లేకపోతే హాజరు పట్టీతో పోల్చుకోవడానికి కళ్లు కాయలు కాస్తాయి. ఆధార్ నంబర్లు మాత్రం ఎక్కడా ఎక్కించకు, ఎవరడిగినా సరే.

తెలుగు మాష్టారి దగ్గర పదేళ్ల ప్రశ్నపత్రాలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉండే ఉంటాయి. అవి యూనికోడ్, అంటే అన్ని మిషన్లూ చదివే అక్షరాల పద్ధతి, కాదు. కాపీ చేసి మూడిల్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాల ముద్ద వస్తుంది. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి గానీ, మార్చాక ఒత్తులూ వట్రసుడులూ మాష్టారే ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

బ్యాకప్పు. రాత్రి రెండింటికి పెట్టుకోమని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. మన బళ్లో అయిదు కాగానే అటెండరు మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసుకుని వెళ్లిపోతాడు. రాత్రి రెండింటి బ్యాకప్పు ఏడాదంతా ఒక్కసారి కూడా జరగదు, జరగలేదని ఎవరూ చెప్పరు. మధ్యాహ్నం భోజనాల వేళకి పెట్టు. డేటాబేసు డంపు (మొత్తం డేటాబేసు కాపీ), మూడిల్‌డేటా, కాన్ఫిగ్ ఫైలు, మూడూ ఉండాలి. ఒకటి తక్కువైనా తిరిగి లేవదు. రెండు డిస్కులు పెట్టుకుని వారం మార్చి వారం ఒకటి ఇంటికి పట్టుకెళ్లు.

దసరా సెలవుల్లో ఇంకో పాత మిషను తీసుకుని, ఆ డిస్కులోంచి మొత్తం కొత్తగా నిలబెట్టి చూడు. రెండూ ఒకే నెట్‌వర్కు మీద ఉంచకు, ఐపీలు కొట్టుకుంటాయి. లాగిన్ అయ్యి, ఒక పిల్లాడు పెట్టిన ఫోటో తెరుచుకుంటోందో లేదో చూడు. పేరు కనబడి ఫోటో రాలేదంటే మూడిల్‌డేటా కాపీలో ఏదో తప్పింది. ఎక్కడ ఆగిందో ఆ స్క్రీను ఫోటో తీసి నాకు పంపించు.

మీ పెదనాన్న