చెరువుల హామీ గెలిచాక ఎందుకు నీరుగారుతుంది?

తిరుపతి చుట్టుపక్కల చెరువుల ఆక్రమణలు తీసేస్తామని చెప్పడానికి ఖర్చు లేదు. తీయిస్తే మాత్రం శత్రువులు తయారవుతారు. 2021 నవంబరు లాంటి వరదప్పుడు ఊరంతా ఊ అంటుంది, తర్వాత మరిచిపోతుంది. కూల్చివేతలో ఇల్లు పోయినవాడు మాత్రం మరిచిపోడు.

పనీ పెద్దదే. సర్వే చేసి, చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దున రాళ్లు పాతాలి. 1905 భూ ఆక్రమణల చట్టం సెక్షన్ 7 కింద నోటీసిచ్చి, జవాబు విన్నాకే సెక్షన్ 6 కింద ఖాళీ చేయించాలి. హద్దు తేల్చకుండా నోటీసిస్తే కోర్టులో తేలిగ్గా స్టే వస్తుంది (కొందరు నాయకులకు కావలసిందీ అదే). పైగా ఆక్రమణలో కట్టిన ఇంటికి కరెంటు మీటరు, పన్ను రసీదు అప్పటికే ఇచ్చి ఉంటారు.

హామీ ఇచ్చినవాళ్లను సర్వే నంబర్లు, హద్దుల మ్యాపు, బడ్జెట్ పద్దు అడగండి.