పెంపుడు పాముకి ట్రైనింగ్ ఇవ్వొచ్చా? పిలిస్తే వస్తుందా?

పిలిస్తే రాదండీ, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. అలాగని "పాముకి ఏమీ రాదు, దానికి బుర్రే లేదు" అనేవాళ్ళ మాట కూడా నేను ఒప్పుకోను. మనం నేర్పినా నేర్పకపోయినా అది ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటుంది, ఏం నేర్చుకుందో మనం గమనించకపోతే కాటు తినాల్సి వస్తుంది. నా కుడి మణికట్టు మీద తిన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

మాది నెల్లూరు, పదకొండేళ్ళుగా చెన్నై వేలచేరిలో ఉంటున్నాం. మా తమ్ముడు 2021లో ఒక బాల్ పైథాన్ తెచ్చాడు, ఆఫ్రికా జాతి, విషం ఉండదు, ఇప్పుడు మూడున్నర అడుగులుంది. మన నాగుపాము, కొండచిలువ లాంటివి ఇంట్లో పెట్టుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు, ఇలాంటి బయటి జాతులకి కూడా 2024 నుంచి కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ చేయించాలి, మావాడు చేయించాడు. అమ్మినతను "బాగా అలవాటైంది సార్, మిమ్మల్ని గుర్తుపట్టి మెడ చుట్టూ చేరుతుంది" అన్నాడట. మెడ దగ్గర వెచ్చగా ఉంటుంది, పట్టు దొరుకుతుంది, అందుకే చేరుతుంది. దాన్ని ప్రేమ అని చెప్పి అమ్ముతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాటలు నమ్మే కదా బ్యాంకాక్ నుంచి ఇలాంటి పాముల్ని సూట్‌కేసుల్లో కుక్కి తెచ్చేది, మన ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు ఎన్నిసార్లు పట్టుకున్నారో పేపర్లో చూస్తూనే ఉన్నాం.

సరే, కాటు సంగతి. తమ్ముడు కెనడా వెళ్ళిపోయాక దాని బాధ్యత నాకొచ్చింది. ఒక ఆదివారం రాత్రి దాని తిండి కోసం ఫ్రీజర్‌లో పెట్టిన ఎలుకని తీసి గోరువెచ్చని నీళ్ళ మగ్గులో వేశా, ఈలోగా అమ్మ ఫోన్, మాట్లాడుతూనే చెయ్యి నైటీకి తుడుచుకుని, పాము ఉండే తొట్టి మూత తీసి నీళ్ళ గిన్నె సర్దబోయా. అంతే. వచ్చింది కూడా కనపడలేదు, టప్ మని తగిలింది, చూసేసరికి మణికట్టుకి రెండు చుట్లు. దాని పళ్ళు సూదుల్లా లోపలికి వంగి ఉంటాయి, చెయ్యి లాగితే చర్మం చీరుకుపోతుంది, అందుకని ఏడుపొస్తున్నా లాక్కోకుండా సింక్ దగ్గరికెళ్ళి చల్లనీళ్ళ కింద పెట్టా, కాసేపటికి వదిలింది. వంపు తిరిగిన వరసలో చిన్న చిన్న రక్తపు చుక్కలు, నొప్పికన్నా భయమే ఎక్కువ.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి గట్టిగా అడిగితే అసలు విషయం బయటపడింది. వెళ్ళేముందు ఆర్నెల్లు వీసా హడావిడిలో పడి తిండి పెట్టడానికి తప్ప మూత తియ్యనే లేదట. అంటే మూత తెరుచుకుంటే తిండి వస్తుందని పాము నేర్చుకుంది, దానికి తోడు నా చేతికి ఎలుక వాసన, పైగా దాని పై పెదవి మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, నా చెయ్యి వెచ్చగా ఉంది. దాని లెక్క దానికి సరిపోయింది.

తర్వాత నేను చేసిందల్లా ఒక సన్నటి పివిసి పైపు ముక్క తీసుకుని, బయటికి తీసే ప్రతిసారీ ముందు దాని ఒంటి మధ్యలో రెండుసార్లు మెల్లగా తట్టడం. తడితే తిండి రాదని అది నేర్చుకోవాలి, అందుకే తిండి పెట్టే రోజు తట్టను, పట్టకారుతోనే అందిస్తా. మొదట్లో తట్టినా మెడ ఎస్ ఆకారంలో వెనక్కి లాగి కాచుకునేది, ఏడు వారాలకి ఆ మెడ వదులై, నాలుక నిదానంగా ఆడించడం మొదలుపెట్టింది. ఇప్పటిదాకా మళ్ళీ కాటు లేదు. కార్న్ స్నేక్‌లకి (అమెరికాలో ఉండే విషం లేని పాములు) బయటపడే కన్నం ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం వచ్చని 1999లోనే అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్ష పెట్టి చూపించారు, కాబట్టి బుర్ర లేదనే మాట ఇక వదిలేయండి.

నాగస్వరానికి ఆడుతుంది కదా అని మా అమ్మ కూడా అడిగింది, నాగుల చవితికి గ్లాసుతో పాలు పట్టుకొచ్చి మరీ. అది పాటకి ఆడటం కాదమ్మా, కళ్ళ ముందు ఊగే నాగస్వరం బుర్రని కనిపెట్టుకుని ఉండటం అని చెప్పా. పాలు పాముకి తిండి కాదు, దాహంతో మాడ్చి తాగించడం, కోరలు పీకడం, ఇవన్నీ చేసి "ట్రైనింగ్" అంటుంటే వినలేను.

మీరు చెన్నైలోనే ఉంటే కొనేముందు ఒకసారి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద వడనెమ్మేలి వెళ్ళి, పాములు పట్టే ఇరుళ గిరిజనుల సహకార సంఘం వాళ్ళు విషం తీసేటప్పుడు చూడండి, 1978 నుంచి ఉంది. వాళ్ళు పాముకి ఏమీ నేర్పరు, దాని మెడ, దాని ఊపిరి చూసి తమ చెయ్యి ఎక్కడుండాలో నిర్ణయించుకుంటారు. నాకు ఏ వీడియో నేర్పనిది అక్కడ గంటలో తెలిసింది.

ఇంకొకటి, తిన్న తర్వాత కనీసం రెండు రోజులు చేతిలోకి తీసుకోకండి, కక్కేస్తుంది.